మేస్త్రీ వాకిట్లో పుంజులు

2006 మార్చిలో మా కంపెనీ నన్ను భద్రాచలం అవతలి అడవి అంచు మిర్చి తోటల ఆడిట్‌కు వేసింది. మాది ఎండుమిర్చి ఎగుమతి చేసే కంపెనీ. నా హోదా అసిస్టెంట్ మేనేజర్, సోషల్ కంప్లయన్స్. ఈ పేరు నోరు తిరగక, ఖమ్మంలో మా చుట్టాలు నాది "మిర్చిలో కారం చూసే ఉద్యోగం" అని చెప్పుకునేవాళ్ళు. నేను చూసేది కారం కాదు, ఆ కాయ కోసినవాళ్ళు ఇష్టపడి కోశారా, ఎవరైనా బలవంతాన కోయించారా అన్నది. బలవంతం ఉందని తేలితే విదేశీ కొనుగోలుదారు సరుకు వద్దంటాడు.

ఆ వారం నా వంతుకు వచ్చిన తోట రామకోటయ్య గారిది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు. మహా మర్యాదస్తుడు, చేతికి మజ్జిగ గ్లాసు ఇవ్వనిదే మాట మొదలుపెట్టడు. కోతకు కూలీలు సరిహద్దు అవతలి ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చేవారు. వాళ్ళను కూడగట్టి తెచ్చి పని చేయించేవాడు మేస్త్రీ లచ్చయ్య.

కూలీలతో మాట్లాడేటప్పుడు రైతు గానీ మేస్త్రీ గానీ దగ్గర ఉండకూడదన్నది మా పద్ధతి. లచ్చయ్యను మజ్జిగకు పంపేసి, సాళ్ళ మధ్య దేవె అనే ఆవిడతో పాటు నేనూ నాలుగు కాయలు కోస్తూ ఆమెను కబుర్లలోకి దించాను. ఇంటికి పోవాలని లేదా అని అడిగాను.

"ఎందుకు లేదక్కా? ఇప్పపువ్వు రాలే రోజులొచ్చినయ్. మేం పోకపోతే మా చెట్ల కింద పువ్వంతా పశువుల పాలే" అంది.

ఇప్పపువ్వంటే ఆమె ఇంటికి వానాకాలం దాకా ఆధారం. ఏరుకోవడానికి ఉండేది కొద్ది రోజులే. మరి పోతామంటే ఎవరైనా ఆపుతున్నారా అన్నాను.

"ఎవరాపుతరు? పోవచ్చు. మా ఐతయ్యనే రానంటుండు."

ఐతయ్య ఆమె మొగుడు. ఎందుకు రానంటున్నాడని అడిగితే, ఆవిడ మూతి తిప్పి పక్క సాలుకు వెళ్ళిపోయింది. సరే, ఆలుమగల తగవులో కంప్లయన్స్ వాళ్ళకేం పని అనుకుని నేనూ లేచాను.

తిరిగి వస్తుంటే లచ్చయ్య వాకిలి చూసి ముచ్చటేసింది. వాకిలి నిండా కోడిపుంజులే, ఒక్కోదాన్ని ఒక్కో మేకుకు కట్టేశాడు. ఎర్ర డేగ రంగు పుంజు ఒకటి నన్ను చూసి మెడ నిక్కించింది. ఇన్ని పుంజులేమిటయ్యా అంటే, "షోకు మేడం, పెంచుకుంటున్న" అన్నాడు లచ్చయ్య, పళ్ళన్నీ బయటపెట్టి.

తోటలో చెప్పిన మాటను తోట బయట మళ్ళీ విని సరిచూసుకోవడం మా వృత్తిలో ఇంకో పద్ధతి. అందుకు సంతను మించిన చోటు లేదు. ఆదివారం భద్రాచలంలో ప్రార్థన ముగించుకుని సంతకు పోయాను. సంత చివర కోడిపందెం జరుగుతోంది. చట్టం ఒప్పుకోదు, మా పాస్టరు గారు అంతకంటే ఒప్పుకోరు. అయినా కూలీలంతా అక్కడే ఉంటే నేనెక్కడికి పోను?

బరిలో లచ్చయ్య ఉన్నాడు, అతని చేతిలో ఆ ఎర్ర డేగ. రెండుసార్లు ఎగిరేసరికే అది అవతలి పుంజును పడగొట్టింది. ఓడిన కోడి గెలిచినవాడిది, అక్కడి ఆచారం అది. లచ్చయ్య వంగి దాన్ని అందుకోబోతుంటే, జనంలోంచి దేవె మొగుడు ఐతయ్య దూకి దాని కాళ్ళు పట్టుకున్నాడు.

"గెల్సింది నా కోడి! ఓడిన కోడి నాకే రావాలె!"

"నీదైతే నా కాడ ఎందుకుంటది?" లచ్చయ్య అందరికీ వినబడేలా అరిచాడు. "కోత అయ్యేదాక అందరి పుంజులు నా కాడనే ఉంటయ్. నా కాడ ఉన్నన్ని దినాలు నావే! గట్ల పట్టి ఉంచకపోతే, పువ్వు రాలంగనే ఒక్కడన్న ఉంటడా?"

తన తెలివికి మెచ్చుకోలు కోసం చుట్టూ చూశాడు. నేను కనబడ్డాను.

"మేడం... మీరు గిట్ల పందేలకు గూడ వస్తరా?"

"వస్తాను లచ్చయ్యా, ఇంకోసారి చెప్పు" అన్నాను.

నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ పల్లెల్లో పుంజు మగవాడి పరువు. పిల్లగా ఉన్నప్పటి నుంచి చేత్తో మేపి, ఏ పండగకైనా, ఏ కూలికైనా చంకన పెట్టుకుని పోతాడు. అది లేకుండా ఊళ్ళో అడుగుపెడితే తలెత్తుకోలేడు. గేటూ తాళమూ అక్కర్లేకుండానే లచ్చయ్య తోటంతా కట్టేశాడు.

రామకోటయ్య గారు నిజంగానే బిత్తరపోయారు. "కోళ్ళ సంగతి నాకేం తెలుసమ్మా? నేనెవర్నీ ఆపలేదు కదా" అన్నారు. మనిషి కదలకుండా అతనిదేది పట్టుకున్నా అది నిర్బంధమే అవుతుందని చెప్పి, తోటను 'హోల్డ్'లో పెట్టాను. అంటే లోపం సరిదిద్దేదాకా ఆ తోట కాయ కొనం. ఫోన్లో మా మేనేజరు గారు, కోళ్ళ మీద రిపోర్టు పంపితే కొనుగోలుదారు నవ్విపోతాడన్నారు. నవ్వుకోనివ్వండి సార్, కాయ మాత్రం కదలదు అన్నాను.

మర్నాడు నా ఎదుటే పుంజులన్నీ ఎవరివి వాళ్ళకు చేరాయి. సంతలో ఓడిన కోడి మాత్రం రాత్రే ఐతయ్య కుండలోకి చేరిందట. ఇక మీదట మేస్త్రీ లేకుండా కూలీలను తానే పిలుచుకుంటానని రామకోటయ్య గారు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారే గానీ, చివరి కోత చెట్ల మీదే ఉందని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. కూలీలు చంకల్లో పుంజులతో బయల్దేరుతుంటే గట్టు దాకా వెళ్ళి, మళ్ళీ ఎప్పుడొస్తారని దేవెను అడిగారు.

"పువ్వు అయినంక చూస్తం" అందామె.

పువ్వు అయ్యాక సగం మందే వచ్చారు. ఐతయ్య, దేవె ఇద్దరూ రాలేదు. కొంత కాయ చెట్ల మీదే ఎండి రాలింది. "చూశావా అమ్మా, వదిలితే రానే రారు" అని రామకోటయ్య గారు నిష్ఠూరమాడారు. రాకుండా ఉండే వీలు వాళ్ళకుందని తేలింది గనక, నేను ఫైలు తీసి, ఈ తోటలో నిర్బంధం లేదని ఆ పూటే రాసి హోల్డ్ ఎత్తేశాను. పిలిస్తే అందరూ వచ్చిన తోటను ఆ తర్వాత నా సర్వీసులో ఎప్పుడూ తొందరపడి పాస్ చెయ్యలేదు. రానివాళ్ళు ఎవరని ముందు అడిగేదాన్ని.