కోతపండుగ నాటి రెండో వడ్డన

మొన్న మా వియ్యపురాలిని చూడడానికి గుంటూరు వెళ్ళాను. ఆవిడకు ఆహారనాళం చెడిపోతే తీసేసి, పొట్టనే గొట్టంలా పైకి లాగి అతికారట. తిన్నది కిందికి దిగకపోతే నోట్లోంచి బుడగలాంటిదేదో పంపి పొట్ట అడుగు దారిని వెడల్పు చేసి, సాయంత్రానికల్లా ఇంటికి పంపించేశారట. ఆవిడ నవ్వుతూ చెబుతుంటే నేనూ నవ్వాను గానీ, తిరుగు రైలు నల్లపాడు దాటేదాకా కళ్ళ మీదనుంచి కొంగు తియ్యలేదు.

ఎనభైల్లో మా నాన్నకు జరిగింది ఈ వైద్యమే, కాకపోతే రెండుసార్లు కోశారు. ఆయన మా ఊరి మిషను బడిలో పంతులు. మెతుకు దిగడం లేదంటే కారం తిని తిని గొంతు పూసిందనుకుని, మజ్జిగన్నంతో నెలలు గడిపాం. మిరప పండే ఊళ్ళో ఏ రోగానికైనా మొదటి ముద్దాయి కారమే కదా. చివరికి గుంటూరులో ఒక పెద్ద డాక్టరుగారు నాళం తీసేసి, పొట్టను ఛాతీలోకి లాగి కుట్టారు. ప్రాణం నిలిచింది గానీ, తాగిన జావ కిందికి జారక పూటపూటా కక్కుకునేవాడు. నెల తిరక్కుండానే మళ్ళీ కోసి, పొట్ట చివర బిగువుగా ఉన్న కండను నిలువుగా చీల్చి అడ్డంగా కుట్టి, దారి వెడల్పు చేశారు. ఆ తర్వాత మొదటిసారి గ్లాసు గంజి కడుపులో నిలిచిన రోజున అమ్మ మంచం పక్కనే మోకరించింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పిలిచి, "దారి తెరిచాం గానీ అమ్మాయ్, సంచి చిన్నదే. కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి, తిన్నాక పడుకోనివ్వొద్దు. మీవాళ్ళు కొసరి కొసరి వడ్డిస్తారే, అదే నా భయం" అన్నారు.

నాలుగు నెలలు అలాగే కాపాడుకున్నాం. నాన్న బుగ్గలు నిండాయి, మళ్ళీ బడికి వెళ్ళాడు. గండం గడిచిందన్న ధీమా నాకు వచ్చేసింది.

అప్పుడే, పంట చేతికొచ్చాక మా చర్చిలో చేసే కోతపండుగ వచ్చింది. గుడి ముందు బంతులు వేశారు, వడ్డించే ఆడపిల్లల్లో నేనూ ఉన్నాను. మా వైపు బంతిలో ఒక మర్యాద ఉంది: తినేవాళ్ళు చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు, వడ్డించేవాళ్ళు ఆ చెయ్యి తోసి మరో గరిటె వెయ్యాలి. వెయ్యకపోతే పిసినారితనం, వేసింది వదిలేస్తే పొగరు. నాన్న మెల్లగా నాలుగు ముద్దలు తిని చెయ్యి అడ్డం పెట్టి, "చాల్లేమ్మా" అన్నాడు. పక్కనున్న పెద్దమ్మ, "కూతురివై ఉండి మొహమాటమేంటే, వెయ్యి" అంది. నలుగురితో సమానంగా బంతిలో కూర్చున్న నాన్నను చూసిన సంతోషంలో, ఆ చేతిని నేనే పక్కకు తీసి అన్నం, కోడికూర మళ్ళీ వేశాను. నలుగురిలో విస్తరి వదిలెయ్యలేక మొత్తం తిన్నాడు.

ఇంటికొచ్చి, ఆయాసంగా ఉందని నడుం వాల్చాడు. తిన్నదంతా పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఐదు రోజులు జ్వరంతో కొట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఐదు రోజులూ నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు గానీ, విస్తరి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఇప్పుడు మా గుడిలోనూ బఫే భోజనాలే. అడిగి వడ్డించే దిక్కులేని తిండీ ఒక తిండేనా, ఆ ఆప్యాయతలన్నీ పోయాయని నా ఈడువాళ్ళు వాపోతుంటారు. మీలోనూ చాలామంది అదే అనుకుంటూ ఉంటారు. నిజమే, పోయాయి. నేను మాత్రం పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి, నా ముందున్న ముసలాయన రెండు గరిటెల అన్నం పెట్టుకుని పక్కకు తప్పుకుంటే, ఎవరూ ఆయన్ను ఆపకపోవడం చూస్తూ ఉండిపోతాను.