పెద్దమ్మని చంపమన్న ఏజెంటు

ఆ వయసులో మనిషికి ఆకలి, నిద్ర, అహంకారం మూడూ పుష్కలంగా ఉంటాయి. నాకు మూడోది కాస్త ఎక్కువే వడ్డించారు. బీఈడీ అయి, ముంచింగిపుట్టు అవతల కొండల్లో ఒక చిన్న బడికి కాంట్రాక్టు మాస్టారుగా వెళ్లిన కొత్తలో, బతుకుతెరువు కోసం పాఠాలు చెప్పుకుంటున్న నవలా రచయితని అనుకునేవాణ్ణే గానీ, నవల రాస్తున్న పంతుల్ని అని ఒక్కనాడూ అనుకోలేదు. అది కూడా ఇంగ్లీషు నవల! తెలుగులో ఎందుకు రాయలేదయ్యా అంటే జవాబు నాలిక చివరే ఉండేది: తెలుగులో ఏజెంట్లు లేరు కదా! రచయితకీ ప్రచురణకర్తకీ మధ్య నిలబడి పుస్తకానికి బేరం కుదిర్చే మనిషిని లిటరరీ ఏజెంటు అంటారనీ, అలాంటివాళ్లు ఢిల్లీలో, బొంబాయిలో ఉంటారనీ, వాళ్లకి మొదటి అధ్యాయాలు పంపి వినయంగా ఎదురుచూడాలనీ ఫోన్లో చదివి తెలుసుకున్నాను. (వినయం ఒక్కటే నా దగ్గర లేదు. మిగతా సరంజామా అంతా ఉంది.)

నేను అద్దెకున్నది కాఫీ పెద్దమ్మ ఇంట్లో. ఏటవాలు మీద కాఫీ తోట ఉన్న మనిషి కాబట్టి ఊరు ఊరంతా అలాగే పిలిచేది. ఆవిడ నవ్విందంటే ఎదురు కొండ మీది మేకలు మేత మానేసి తలెత్తి చూసేవి. నా నవల ఆవిడ గురించే. పేరు మార్చాను గానీ నవ్వు మార్చడం నా వల్ల కాలేదు. సంతలో మిరియాల షావుకారిని కడిగేయడం, కాఫీ పళ్లు ఆరబోసుకునే జాగా కోసం పక్కింటి చిన్నమ్మతో తగువాడటం, ఆ తగువు మధ్యలోనే ఏదో గుర్తొచ్చి ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వడం, అన్నీ అందులో ఎక్కించేశాను. ఈ సంగతి నేను చెప్పేలోపే ఆవిడకి తెలిసిపోయింది. "మాస్టరుబాబు నా కత రాత్తన్నాడు" అని సంత సంతంతా చాటింపు వేసి వచ్చింది.

ఊళ్లో సిగ్నల్ ఉండేది కాదు. ఊరి పైన ఒక పెద్ద బండ ఉంది, దాని మీదకెక్కి తూర్పుకి తిరిగి నిలబడితే ఫోన్లో రెండు గీతలు కనిపించేవి. బడి వదలగానే ఎక్కేవాణ్ణి. దిగే దారి మాత్రం పెద్దమ్మ వాకిట్లోంచే. ఏజెంటు అంటే ఎవరో మొదట్లో ఆవిడకి చెప్పడానికి నానా అవస్థా పడ్డాను. "బీమా ఏజెంటేటి?" అంది. కాదు, పుస్తకాల ఏజెంటు అన్నాను. "అయితే పుస్తకం సచ్చిపోతే డబ్బులిత్తాడేటి?" అంది. నేను ఆ మాటకి నవ్వలేకపోయాను, ఎందుకంటే అప్పటికే తిరుగుటపాలు మొదలయ్యాయి.

ఆ తిరస్కారాలు ఎంత మర్యాదగా ఉండేవంటే, చదివాక ముందు థాంక్స్ చెప్పాలనిపించేది, తర్వాత ఏడుపొచ్చేది. 'మీ శైలి మాకెంతో నచ్చింది, కానీ మా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు' అని ఒకరు. 'ఇంకొకరికి ఇది తప్పక నచ్చుతుంది' అని మరొకరు. ఆ ఇంకొకరు ఎవరో మాత్రం ఎవరూ చెప్పరు. భుజాలు వేలాడేసుకుని దిగి వస్తుంటే పెద్దమ్మ వాకిట్లో చేట పక్కన పెట్టి "ఏటన్నాడు?" అని అడిగేది. నేను ఆ ఉత్తరాన్ని తెలుగులోకి మార్చి చెబితే, అంతా విని తనూ తనదైన తెలుగులోకి మార్చేది. "పిల్ల బాగుందన్నారు, బూరెలు తినీసినారు, ఎల్లిపోనారు. అంతే కదా!" నిజానికి అంతే.

అలాంటి రోజుల్లో ఢిల్లీ నుంచి ఒక ఏజెంటమ్మ మొత్తం నవల పంపమంది. ఆ రోజు బండ మీద నేను ఎగిరిన ఎగురుకి సిగ్నల్ కూడా పోయింది. ఊరందరికీ కోడికూర పెట్టించాను. కొన్నాళ్లకి జవాబు వచ్చింది. నవల హాయిగా ఉందట. అయితే కొండ మనుషులు మరీ ఎక్కువగా నవ్వుతున్నారట. అలాంటి చోటు నుంచి పాఠకులు విషాదం ఆశిస్తారట. ముసలావిడ చివర్లో చనిపోతే ఎలా ఉంటుందో ఆలోచించమంది.

వాకిట్లో పెద్దమ్మ "ఏటన్నాది?" అంది.

"నవ్వు ఎక్కువైందంట."

"ఎవులి నవ్వు?"

"నీదే, పెద్దమ్మా."

"ఆయమ్మకేటి కట్టం? డిల్లీకి ఇనపడిపోతందేటి?" అని, వినపడాలన్నట్టే గట్టిగా నవ్వింది. చనిపోవడం సంగతి నేను చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు గానీ, రాయడానికి చెయ్యి వచ్చింది. ఎలుగుబంటితో చంపుదామా, జ్వరంతో చంపుదామా అని తెగ ఆలోచించి, చివరికి కొండచరియ విరిచి ఆవిడ మీద పడేశాను. ఆ పేజీలు రాస్తూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. (అంత బాగా రాశానని.) పంపేశాను. ఆ తర్వాత అంబలి పోస్తూ పెద్దమ్మ "కతలో నానేటి సేత్తన్నాను ఇప్పుడు?" అని అడిగితే "కాఫీ ఆరబోస్తున్నావు" అనేవాణ్ణి. పాపం, అప్పటికే ఆవిడ మట్టికింద ఉంది.

ఇంతలో చైత్రం వచ్చింది, ఇటుకల పండగ వచ్చింది. ఆ పండక్కి మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకి వెళ్తారు. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన వాళ్ల మీద ఆడవాళ్లు ఊరి మొదట్లో కాపు కాసి పేడనీళ్లు చల్లుతారు. (ఇప్పుడు వేటంటే పేరుకే. అడవిలో కుందేళ్ల కంటే ఫారెస్టు గార్డులే ఎక్కువ కనిపిస్తారు. అంచేత పేడనీళ్లకి కరువు లేదు.) వాళ్లు అడవి దారి పట్టారు, నేను బండ దారి పట్టాను. ఏజెంటమ్మ జవాబు వచ్చి ఉంది. 'ఇప్పుడు మరీ విషాదంగా ఉంది. మొదటి ప్రతిలో ఉన్న వెలుగేదో పోయింది. క్షమించండి' అని.

ఎంతసేపు అక్కడే కూర్చున్నానో తెలీదు. దిగేసరికి వేటగాళ్లు నాకంటే ముందే ఊళ్లో అడుగుపెట్టి, డప్పు మోతలో నెత్తి నుంచి కాళ్ల దాకా పేడతో పచ్చగా నిలబడి నవ్వుతున్నారు. నేను పక్కనుంచి జారుకోబోతుంటే పెద్దమ్మ బకెట్టు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది.

"ఏటన్నాది?"

"వద్దంది."

"మళ్లీ ఎందుకూ?"

దుఃఖంలో మనిషి నోటికి కాపలా ఉండదు. "నిన్ను చంపాక బాగాలేదంట" అనేశాను.

డప్పు ఆగిపోయింది. "నన్ను సంపీసినావేటి?"

"కొండచరియ పడింది, పెద్దమ్మా."

"ఎక్కడ?"

"తోటలో."

"పళ్లు కోసీసినాకా, కొయ్యకముందా?"

"కొయ్యకముందే."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! పంటైనా ఎత్తనివ్వలేదేట్రా!"

ఎప్పుడూ 'మాస్టరుబాబు' అనే మనిషి మొదటిసారి 'రా' అంది. బకెట్టు ఎత్తి "ఇది ఒట్టి సేతుల్తో దిగినందుకు" అని ఒక కుమ్మరింపు. పక్కనున్న చిన్నమ్మ చేతిలోని బకెట్టు కూడా లాక్కుని "ఇది నన్ను సంపినందుకు" అని ఇంకో కుమ్మరింపు. చిన్నమ్మ కంగారుగా "నాకేటయినాది కతలో?" అంది. పెద్దమ్మ శవం మీద పడి ఏడ్చావని చెప్పాను. "దీనికోసం నానేడుత్తానా!" అని చిన్నమ్మ నేల మీద కూలబడి నవ్వింది. ఊరంతా నవ్వింది. నేను మాత్రం ఏడ్చాను, బాగానే ఏడ్చాను. పేడనీళ్ల కింద ఎవరికీ తెలియలేదనుకున్నాను.

పెద్దమ్మకి తెలిసింది. వేడినీళ్లు తోడి ఇస్తూ, "ఇంట్లో కూకున్నోడి మీద ఎవులూ సల్లరు బాబూ. ఎల్లినోడి మీదే సల్తారు" అంది. చెంబు చేతికిచ్చి, "బేగి నన్ను బతికించు. కోతలకి మనుసుల్ని పిలవాల" అంది.

మర్నాడే కొండచరియ తీసేశాను. ఆ తర్వాత కొన్నేళ్లకి ఆ నవలని తెలుగులో మళ్లీ రాస్తే, స్నేహితులు పూనుకుని అచ్చు వేయించారు. పెద్దమ్మ బతికే ఉంది, పుస్తకంలోనూ, బయటా. మనవరాలి చేత చదివించుకుని, మిరియాల షావుకారిని తిట్టింది చాల్లేదని కబురంపింది.

నేనిప్పుడు విశాఖపట్నంలో ఉంటున్నాను. ఇంకా రాస్తున్నాను, ఇంకా వద్దంటున్నారు. సిగ్నల్‌కి లోటు లేదు, ఎంత మర్యాదైన తిరస్కారమైనా నేరుగా జేబులోకే వస్తుంది. సిటీ బస్సులో నిలబడి చదువుకుని, ఫోను మళ్లీ జేబులో పెట్టేసుకుంటాను. పక్కనున్నవాడికి తెలీదు, ఇంటికెళ్తే ఎవరూ అడగరు. అప్పుడు ఆ బండ దిగుతున్న ఆ పొగరుబోతు గుంటడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. లోకంలో తనంత దురదృష్టవంతుడు లేడనుకునేవాడు, వెర్రి నాగన్న! వాడేం మోసుకొస్తాడా అని వాకిట్లో ఒక మనిషి రోజూ ఎదురుచూసేది.