వానకు మోగని బజర్

మా నాన్న గురజాలలో రేడియోలు, మిక్సీలు బాగుచేసేవారు. ఐదో తరగతితో నా బడి ఆగిపోయినా, టంకం పెట్టడం, మీటరు చూడటం ఇంట్లోనే నేర్పారు. పని మొదలుపెట్టే ముందు బిస్మిల్లా అనడం కూడా ఆయన దగ్గరే అలవాటైంది. పాత ఛార్జర్లు, పగిలిన బొమ్మలు విప్పి వాటితో ఏదో ఒకటి చేయడం నాకు ఇప్పటికీ ఇష్టం.

పక్కింటి అక్క కౌలుకు మిర్చి వేసింది. భర్త దాచేపల్లి ఫ్యాక్టరీకి పోతాడు, అత్త మంచం మీద ఉంది. కోసిన కాయంతా మా ఇళ్ల వెనక కల్లంలో ఎండుతోంది. కాయ తడిస్తే రంగు పోయి తాలు అవుతుంది, ఏడాది కష్టం పోతుంది.

"మబ్బు చూస్తా కూసుంటే ముసలామె పనులెవరు చేస్తారే? చినుకు పడితే అరిచేది ఏందన్నా చెయ్యి" అంది అక్క.

అరచేతంత ప్లాస్టిక్ పలక మీద రెండు రాగి తీగలు, ఒకదానికొకటి తగలకుండా పక్కపక్కనే చుట్టాను. వాటి మీద తడి పడితే కరెంటు ఒక తీగ నుంచి రెండోదానికి దాటుతుంది, అక్క వంటింట్లో బజర్ మోగుతుంది. పలకను కల్లంలో గుంజకు కట్టి, చెంబుతో బోరు నీళ్లు చల్లి చూపించాను.

"మా అత్త కంటే గట్టిగా అరుస్తందే" అని అక్క నవ్వింది. నేను మనసులో అల్లాకు షుక్ర్ చెప్పుకున్నాను.

నాలుగో రోజు పొద్దున, లారీల దుమ్ము పేరుకుందని ఆ పలకను శుభ్రంగా తుడిచాను. మధ్యాహ్నం నమాజులో ఉండగా రేకుల మీద చినుకులు వినపడ్డాయి. అక్క ఇంట్లో బజర్ మోగే ఉంటుంది, ఆమె కాయ మీద పట్టా కప్పుతూ ఉంటుంది అనుకున్నాను. నిదానంగా నమాజు ముగించి, దువా కూడా చేసుకుని లేచాను. ఆ బజర్ నేను చేయకపోయి ఉంటే, మొదటి చినుక్కే గోడ మీంచి కేకేసేదాన్ని. ఈ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

నేను వెళ్లేసరికి అక్క ఒక్కతే తడుస్తూ పట్టా లాగుతోంది. సగం కాయ తడిసింది.

"అత్తకు అన్నం తినిపిస్తన్నా. నీది మోగుద్దని నేను బయటికే చూళ్లేదే" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తొట్టిలోంచి బోరు నీళ్లు తెచ్చి పలక మీద పోశాను. వెంటనే మోగింది. అక్క నా వైపు, బజర్ మోగుతున్న వంటింటి వైపు చూసింది.

"బోరు నీళ్లకు మోగుద్ది, వాన నీళ్లకు మోగదా ఏంది? ఆ నీళ్లు ఉప్పు కషాయం గదే, పప్పు కూడా ఉడకదు."

నాకు అప్పుడు తెలిసింది. కరెంటును మోసింది నీళ్లలోని ఉప్పు. వాన నీటిలో అది లేదు. పలక మీద దుమ్ము ఉన్నా కాస్త సాయపడేదేమో, దాన్నీ తుడిచేశాను. పుట్టినప్పటి నుంచి తాగుతున్న నీళ్లే కదా, నీళ్లంటే అన్నీ ఒకటే అనుకున్నాను.

రెండు రోజులు అక్క పక్కన కూర్చుని తాలు ఏరాను. ఎర్రకాయ కుప్ప కంటే తాలు కుప్పే తొందరగా పెరిగింది. సాయంత్రాలు, పలకను, బజర్‌ను ఇంటికి తెచ్చుకుని, ఉప్పు నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డముక్కను తీగల మీద పరిచి కట్టాను. చినుకు పడగానే గుడ్డలోని ఉప్పు కరగాలని. ఈసారి ఆ రోజు వానకు బకెట్‌లో నిండిన నీళ్లతోనే చూశాను. మూడు చుక్కలకే మోగింది. అయినా అక్కకు ఇవ్వడానికి మొహం చెల్లలేదు. గోడ మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు చూస్తే అక్క దాన్ని మళ్లీ కల్లంలో గుంజకు కట్టింది. అత్త మంచాన్ని మాత్రం కల్లం కనపడేలా తలుపు దగ్గరికి జరిపింది.

"మోగితే మోగుద్ది, లేకపోతే ఈమె అరుస్తదిలే" అంది.

ఆ మాటకు అత్త కూడా నవ్వింది. నేను దించిన తల ఎత్తలేదు. అక్క దాన్ని పారేయనందుకు మాత్రం ఆ పూట నమాజులో చాలాసేపు షుక్ర్ చెప్పుకున్నాను.