పెన్న కోసం చింపిన నీలిగుడ్డ

నీళ్ళలో నానిన కిత్తలి ఆకు వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. చెరువు అడుగు బురద, పులిసిన గంజి, ఎక్కడో చచ్చిన ఎలుక, మూడూ కలిసినట్టుంటుంది. మొన్న కడపలో మా పనిశాల వెనక తొట్టి మూత తీయగానే, నా దగ్గర పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకుని దూరం జరిగారు. నేను మాత్రం కదల్లేకపోయాను. ఆ వాసనకు నాకు మళ్ళీ పద్దెనిమిదేళ్ళు వస్తాయి. జమ్మలమడుగులో మా వీధి చివర, ఖాసీంబీ అవ్వ పెరట్లో గొంతుక్కూర్చుని నార కడుగుతూ ఉంటాను.

ఖాసీంబీ అవ్వ సన్నగా, పొడుగ్గా ఉండేది. పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచేది. భర్త పోయాక ఆయన మగ్గం మీద తానే కూర్చుని, నేలమీద పరుచుకునే జంపఖానాలు నేసి బతికింది. కొత్త నూలు కొనే స్తోమత లేదు. ప్రొద్దుటూరు సంతలో పాతగుడ్డల మూటలు కొని, పేలికలుగా చింపి, వాటినే అడ్డంగా పేకగా వేసేది. చింపే ముందు ప్రతి గుడ్డ మీదా అరచెయ్యి ఆనించి, "నువ్వెవురిదానివి తల్లీ?" అని అడిగేది. చిన్నప్పుడు నాకది నవ్వులాట.

"అడిగితే చెప్తాదా అవ్వా?"

"చెప్పదులే. అడగకుండా చింపితే మాత్రం నా చెయ్యి ఊరుకోదు."

బడి మానేశాక నేను ఆమె ఇంట్లోనే ఎక్కువగా ఉండేదాన్ని. నేత నేర్చుకున్నాను. తర్వాత కిత్తనారకు రంగులద్ది, అందులో గుడ్డ పేలికలు కలిపి బొమ్మలు నేయడం మొదలుపెట్టాను. మా నాయనకు అది బొత్తిగా నచ్చలేదు. సేద్యం చేసుకునే ఇంటి పిల్ల పాతగుడ్డలు పట్టుకు తిరగడమేమిటని గొణిగేవాడు. అవ్వ మాత్రం నా మొదటి బొమ్మను చాలాసేపు చూసి, "ఇది కాళ్ళకింద ఏసుకునేది గాదు పాపా. గోడకు తగిలించి చూసేది," అంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులు సగం గుడారాల్లోనే నడిచేవి. ఆ వేసవిలో అక్కడ చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని సంతలో విని, అవ్వ నేరుగా మా నాయన దగ్గరికి వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. "ఒక్కసారి పోనిస్తా. ఒక్కటన్నా అమ్ముడుపోకపోతే ఆ మగ్గం మాట మళ్ళీ ఎత్తగూడదు."

ప్రదర్శన కోసం గండికోట నేయాలనుకున్నాను. రెండు వైపులా ఎర్రబండలు, మధ్యలో పెన్న. బండలకు నార సరిపోయింది. నదికి తగిన నీలం దొరకలేదు. అవ్వ మూటలో ఒక నీలి లంగా కనిపించింది. మంచి గుడ్డ. అంచు దగ్గర చిరిగితే ఎవరో ఎర్రదారంతో ఒత్తుగా కుట్టారు. అవ్వ దాని మీద చెయ్యి ఆనించి వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఇది వద్దు. పక్కన పెట్టు."

"ఎందుకవ్వా?"

"తడిగా ఉండాది."

నేను తాకి చూశాను. నిజమే, చెమ్మగా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో దండెం మీద వేశాను. మిగతా గుడ్డలు గంటలో కరకరలాడాయి. ఇది ఆరలేదు. మరునాడు అవ్వ సంతకు వెళ్ళినప్పుడు నేనే దాన్ని పేలికలుగా చింపి మగ్గానికెక్కించాను. ఏమీ అడగలేదు. ఎర్రకుట్టున్న ముక్కను సరిగ్గా నది మధ్యలో కనబడేలా నేశాను. అందంగా అనిపించింది.

నేస్తున్నంతసేపూ పెరట్లో ఎవరో గుడ్డలు పిండుతున్న శబ్దం వినిపించింది. మెలితిప్పడం, నీళ్ళు ధారగా రాతిమీద పడడం, దులపడం. అవ్వ తిరిగొచ్చిందేమోనని రెండుసార్లు లేచి చూశాను. బండ పొడిగా ఉంది. ఎండకు తెల్లగా మెరుస్తోంది. తిరిగి మగ్గం ముందు కూర్చోగానే మళ్ళీ మొదలైంది. సాయంత్రం అవ్వ వచ్చి నేసిన నదిని చూసింది. తిట్టలేదు. "చేసినావు గదా, ఇంగ నీదే బరువు," అని మాత్రం అంది.

కర్నూలు గుడారంలో నా బొమ్మను వెదురుబొంగుకు వేలాడదీశాం. రెండోరోజుకి దాని కింద ఇసుక నల్లబడింది. పక్క అంగడివాళ్ళు కడవ ఒలికిందేమో అన్నారు. మా దగ్గర కడవే లేదు. జనం వచ్చి బొమ్మ ముందు ఆగేవారు, ఎందుకో భుజాల మీద చెంగు లాక్కుని ముందుకు సాగిపోయేవారు. బయట వడగాలి కొడుతోంది.

మూడోరోజు ఒక పెద్ద ఆఫీసరు భార్య వచ్చింది. వెనక్కీ ముందుకీ నడిచి చూసి, "ఇది మా హాలులో పెట్టుకుంటాను," అంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒకామె, చేతిలో కూరగాయల సంచితో, తోసుకుంటూ ముందుకొచ్చింది. ఎర్రకుట్టు మీద వేలు పెట్టింది. సంచి జారి కిందపడింది.

"ఈ కుట్టు నాది. నీలిదారం ల్యాక ఎర్రదారంతో నేనే కుట్టినా. ఈ గుడ్డ యాడిది తల్లీ?"

ఆమె పేరు రామలక్ష్మి. భర్త కర్నూల్లో ఏదో ఆఫీసులో బంట్రోతు. పుట్టిల్లు గండికోట దిగువన పల్లె. రెండేళ్ళ కిందట ఆమె చెల్లెలు చిట్టెమ్మ గుడ్డలు ఉతకడానికి పెన్నలోకి దిగింది. పైన ఎక్కడో వాన పడి ఉన్నట్టుండి నది వచ్చింది. పిల్లా దొరకలేదు, మూటా దొరకలేదు.

"మా యమ్మ నమ్మడం ల్యా. ఈ పొద్దుకీ దానికని సంగటి ముద్ద తీసి పెడతాండాది. చెప్పు తల్లీ, యాడిది?"

ఆఫీసరు భార్య ముఖం ముడుచుకుంది. "ఇది ఎవరో కట్టిన పాతగుడ్డా?" అంది నావైపు తిరిగి.

"కొత్తదేనమ్మా," అన్నాను. "ప్రొద్దుటూరులో అంగట్లో కొన్నాం."

రామలక్ష్మి చెయ్యి కిందికి వాలిపోయింది. అవ్వ అప్పటిదాకా మూలన కూర్చుని ఉంది. లేచి వచ్చి, గొంతు పెంచకుండా అంది: "ఆ మాట ఇంగోసారి చెప్పు పాపా. గుడ్డమీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాను. అరచెయ్యి కింద చల్లగా, బావినీళ్ళంత చల్లగా ఉంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు మోచేతి దాకా కారాయి. లోపల్నుంచి ఎవరో నా చెయ్యి పట్టుకుని మెల్లగా, పసిపిల్లలు లాగినట్టు, లాగారు. నోరు తెరిచేసరికి నిజమే వచ్చింది. సంతలో కొన్న మూట సంగతి, అవ్వ వద్దన్న సంగతి, అన్నీ చెప్పేశాను. చెప్పడం పూర్తయ్యేలోగా ఆఫీసరు భార్య వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం ఇసుకలో కూర్చుని పేలికలు ఒక్కొక్కటే ఊడదీశాం. రామలక్ష్మి వాటిని ఒళ్ళో పెట్టుకుని ఉండలా చుట్టుకుంటూ ఉంటే ఆమె చీర తడిసిపోయింది. ఆమె పట్టించుకోలేదు. "మా యమ్మకు చెప్పాల్నా అవ్వా? చెబితే ఆ యమ్మ ఏమైపోతాదో," అంది. అవ్వ ఆమె తల నిమిరి, "ఎదురుచూపు కంటే ఏడుపు మేలు బిడ్డా. తీసకపోయి చేతిలో పెట్టు," అంది.

ఆమె వెళ్ళాక బొమ్మ మధ్యలో పైనుంచి కిందిదాకా ఉత్త పడుగుదారాలు మిగిలాయి. వాటిలోంచి అవతలి వెలుగు కనబడుతోంది. దించేద్దామని లేచాను. అవ్వ ఆపింది. "ఉండనీ. పెన్న ఎండిపోయినప్పుడు గండికోట ఇట్నే గదా ఉండేది." మర్నాటినుంచి జనం దాని ముందు ఎక్కువసేపు నిలబడ్డారు. చివరిరోజు కాలేజీ డ్రాయింగు మాస్టరొకాయన కొన్నాడు. "ఆ ఖాళీని ఎప్పుడూ పూడ్చకండి," అని నాకే చెప్పాడు. మా నాయన మగ్గం మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు నెలలకు రామలక్ష్మి ఎవరిచేతో జాబు రాయించింది. పేలికలు వాళ్ళమ్మ చేతిలో పెట్టిందట. ఆ తల్లి ఏడవలేదట. వాటిని ఒక్కొక్కటే దండెం మీద పరిచిందట. ఒక్క పూట ఎండకే ఆరిపోయాయట. ఆ రోజు నుంచి ముద్ద తీసిపెట్టడం మానేసిందట. జాబు చదివి వినిపిస్తే అవ్వ పేలిక చింపుతూ చింపుతూ ఆగి, కళ్ళు మూసుకుంది. మూడేళ్ళ తర్వాత ఆమె పోయింది. గుడారంలో నేనన్న ఆ మాటను అన్నాళ్ళలో ఒక్కసారి కూడా నాకు గుర్తుచేయలేదు.

మీ మొదటి బొమ్మ ఎలా అమ్ముడుపోయిందని ఎక్కడికెళ్ళినా అడుగుతారు. కర్నూలు గుడారాల గురించి, డ్రాయింగు మాస్టరు గురించి చెబుతాను. అవ్వ గురించి ఎంత అడిగితే అంత చెబుతాను. "కొత్తదేనమ్మా" అన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తడిసిన గుడ్డను తలుచుకుంటే ఈ వయసులో నాకు భయం లేదు. బిడ్డ కోసం ఎదురుచూసే ఇంటి మనిషి ఎదురుగా నిలబడి అడుగుతుంటే, ఆ మాట నా నోటికి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే, ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.