షరా కొండల మీద ఆరు కప్పులు

అమ్మాన్ నుంచి అకబాకి విమానం గాల్లో ఉండేది ముప్పావు గంట. ఎక్కడానికి ఒక పావు, దిగడానికి ఒక పావు తీసేస్తే, మనిషి నిటారుగా నిలబడి చేతిలో పళ్లెం పట్టుకోగలిగేది మధ్యలో మిగిలిన పావుగంటే. ఆ పావుగంటలో బిజినెస్ క్లాసులో ఉన్న ఎనిమిది మందికీ వేడి తువ్వాళ్లు, ఫలహారం, కాఫీ ఇవ్వాలి. ఖాళీ పళ్లేలు తీసేయాలి, బల్లలు మడిపించాలి. ఇంతా చేసి, తమను తొందరపెట్టారన్న అనుమానం ఒక్కరికీ రాకూడదు. ఆ దారిలో అది చాతనైన మనిషి ఒక్కడే, దైఫల్లా. పెద్దకొడుకు పేరు కలిపి అందరూ అబూ సనద్ అంటారు.

అతను గడియారం చూడడు, కిటికీలోంచి నేల చూస్తాడు. మృత సముద్రం చివర ఉప్పు మడులు మెరిస్తే తువ్వాళ్లు. తెల్లటి ఫాస్ఫేట్ గుట్టలు కనిపిస్తే పళ్లేలు. పళ్లెంలో ఆలివ్ నూనె చుక్కలు వేసిన లబ్నె పెరుగుముద్ద, జాతర్ అనే ఎండాకుల పొడి చల్లిన అరచేతంత రొట్టె, నాలుగు దోసకాయ ముక్కలు, ఖర్జూరం కూరిన మఅమూల్ బిళ్ల ఒకటి. గుట్టలు దాటాక కాఫీ. దూరాన షరా కొండల అంచు లేచేసరికి కూజా మూత పడిపోవాలి. ఒంటె ఉన్నట్టుండి ముందుకాళ్లు ముడిచి కూలబడితే పైనున్నవాడి పొట్ట నోట్లోకొస్తుందే, ఆ కొండల మీద విమానం అలా కూలబడుతుంది.

ఎవరికేం కావాలో అతను అడిగి తెలుసుకునే రకం కాదు. ప్రతి గురువారం అకబా ఆసుపత్రికి వెళ్లే పళ్ల డాక్టరు నజ్మీ నలుగురిలో తీపి ముట్టడు, వృత్తి ధర్మం. దైఫల్లా ఆయన మఅమూల్‌ని కాగితపు రుమాల్లో చుట్టి, కోటు తగిలిస్తూ జేబులో వేసేస్తాడు. సముద్రపు ఒడ్డున హోటలున్న హైఫా మేడంకి విమానమంటే భయం, ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందేమోనని ఇంకా భయం. చక్రాలు నేల విడిచే క్షణానికి సరిగ్గా తన మడతకుర్చీలోంచి ఆమె వైపు వంగి, "మేడం, మీ హోటల్లో చేపల కూరలో చింతపండు వేస్తారా, నిమ్మరసమా?" అని అడుగుతాడు. ఆమె జవాబు పూర్తయ్యేసరికి విమానం మబ్బుల పైన ఉంటుంది. చింతపండా నిమ్మరసమా అన్నది ఇప్పటికీ తేలలేదు.

అతని పుట్టుక మఆన్ ఎడారి వైపు. తండ్రికి ఆస్తి లేదు గాని కాఫీ పొయ్యి ఉండేది. ఎడమచేత్తో దల్లా కూజా, కుడిచేత్తో కప్పు, కప్పులో మూడో వంతు మాత్రమే కాఫీ. నిండా పోశావంటే తాగి లేచిపొమ్మని చెప్పినట్టు. ఇవన్నీ ఆరేళ్లకే అబ్బాయి వేళ్లలోకి వచ్చేశాయి. పంతొమ్మిదేళ్లప్పుడు విమానాశ్రయంలో పెట్టెలు మోసే పనికి కుదిరాడు. ఎండలో కూర్చున్న తోటి కూలీలకు డబ్బా మూతల్లో టీ పోస్తూ, ఒక్కొక్కరి ముందూ కాస్త వంగి "దయచేయండి" అనడం ఎవరో ఆఫీసరు చూశాడు. ఆ వంగడమే అతన్ని విమానం పైకి ఎక్కించింది. అది జరిగి ఇరవై రెండేళ్లు.

ఇరవై రెండేళ్లలో ఒక్క చుక్క ఒలకలేదు. ఒలికింది మొన్న, మూడు వారాల కింద.

ఆ రోజు పెద్దాఫీసు నుంచి ఒకాయన ఫోను పట్టుకుని వచ్చాడు. ప్రచారానికి వీడియో కావాలట. "మీరు మామూలుగా పోసెయ్యండి, నేనిక్కడ లేననుకోండి" అన్నాడు. మనిషికి అంతకన్నా చెయ్యలేని పని ఇంకొకటి చెప్పమనండి. దైఫల్లా మామూలుగా కూజాని కప్పుకి జానెడు ఎత్తులో పట్టుకుంటాడు. ఆ రోజు మూరెడు ఎత్తాడు. సన్నటి ధార మెరుస్తూ దిగుతోంది, వీడియో ఆయన ఆహా అన్నాడు, దైఫల్లా ఇంకాస్త ఎత్తాడు. కిటికీలో కొండలు కనిపిస్తూనే ఉన్నాయి. చూశాడు కూడా. ఒంటె కూలబడింది. కాఫీ ధార తిన్నగా వెళ్లి ముందు సీట్లో ఉన్న ముత్లక్ షేక్ ఒళ్లో, ఇస్త్రీ మడత నలగని తెల్లటి అంగీ మీద పడింది. ఆ పెద్దాయన మామూలు మనిషి కాదు. మఆన్ వైపు ఏ తగువు తీరాలన్నా ఆయన వచ్చి కూర్చోవాల్సిందే.

అందరూ గాలిని తిట్టారు. "నీదేం తప్పు, కొండగాలి" అన్నారు. దైఫల్లా కూడా "అవును, కొండగాలి" అన్నాడు. అక్కడే పడింది ముడి. ఓదార్చినవాడల్లా సూది గుచ్చినట్టే ఉంది. వారం తిరక్కుండానే, తనను తప్పిపోయిన సామాన్ల ఆఫీసుకి మార్చమని కాగితం పెట్టేశాడు.

భార్య ఉమ్ సనద్ వదిలిపెడుతుందా? "అంగీ మీద మరక ఒక్క ఉతుకుతో పోయిందట. నీ మొహం మీదిది మూడు వారాలైనా పోవడం లేదు. నాకు చెప్పు, ఏ సబ్బు తేనూ?"

"అక్కడ హాయిగా ఉంటుంది. పెట్టెలకి కాఫీ పొయ్యనక్కర్లేదు."

"పెట్టెలు నీకు 'బాగుంది అబూ సనద్' అని కూడా అనవు. చూస్తాగా ఎన్నాళ్లుంటావో!"

ఆఖరి గురువారం వచ్చింది. ఆదివారం నుంచి కొత్త కుర్చీ. మనసు మారితే ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఫోన్ చేసి కాగితం వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా కుదరదు. దైఫల్లా మనసు మారలేదు. ఎక్కేవాళ్లను చూసి మాత్రం ఆశ్చర్యపోయాడు. ఎనిమిది సీట్లలో ఆరుగురు పాతవాళ్లే. నజ్మీ, హైఫా మేడం, రేవు ఇంజనీర్లు ముగ్గురు, అందరికన్నా ముందు చేతికర్రతో ముత్లక్ షేక్. ఏడో సీట్లో పగడాల మధ్య ఈత కొట్టడానికి పోతున్న పొడుగాటి విదేశీయుడు. ఎనిమిదోది ఖాళీ.

ఉప్పు మడులు వచ్చాయి, తువ్వాళ్లు ఇచ్చాడు. తెల్ల గుట్టలు వచ్చాయి, పళ్లేలు ఇచ్చాడు. గుట్టలు దాటాక కూజా ఎత్తి, జానెడు ఎత్తునుంచి, పెద్దాయన కాబట్టి ముందు షేక్‌కి పోశాడు. షేక్ కప్పు అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, పెదవి తడపకుండా బల్ల మీద పెట్టేశాడు.

దైఫల్లా చూశాడు. చూడనట్టు పక్కకి జరిగాడు. నజ్మీకి పోశాడు. నజ్మీ పెట్టేశాడు. ముగ్గురు ఇంజనీర్లూ తరగతిలో పిల్లల్లా ఒకరి తర్వాత ఒకరు పెట్టేశారు. హైఫా మేడం కూడా పెట్టేసింది. పెద్దమనుషుల రాయబారంలో ఆడవాళ్లు కూర్చునే అలవాటు లేదు గాని, విమానంలో ఎవరి టికెట్ వాళ్లది.

ఆ ఎడారి మనుషుల్లో అతిథి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. పిల్లనడగడానికైనా, రాజీకైనా అంతే. ఇంటాయన "తాగండి, మీరడిగింది ఇచ్చాను" అనేదాకా కప్పు అలాగే ఉంటుంది. తాగకుండా అతిథి లేచి వెళ్లాడా, ఆ ఇంటివాడు నలుగురిలో తలెత్తుకోలేడు. ఇదేమీ తెలియని పొడుగాటి విదేశీయుడు తన కప్పు గుటుక్కున తాగేసి, చుట్టూ చూసి, మసీదులో చెప్పులతో నడిచినవాడిలా మొహం పెట్టాడు.

"చల్లారిందా షేక్? వేరేది పొయ్యనా?" అన్నాడు దైఫల్లా.

"కాఫీకేం, దివ్యంగా ఉంది."

"ఏలకులు ఎక్కువయ్యాయేమో..."

"నీ ఏలకులు తగలెయ్య! కప్పు ఎందుకు పెట్టానో తెలీదూ? నువ్వు మఆన్‌లో పుట్టావా, పారిస్‌లో పుట్టావా?"

"ఇది విమానం షేక్. నా ఇల్లు కాదు."

"మరెవరిది? కాఫీ పోసినవాడిదే ఇల్లు. ఇన్నేళ్లుగా గుమ్మంలో నిలబడి 'దయచేయండి, మీ ఇల్లే అనుకోండి' అన్నదెవరు, ఇంజనా?"

"సరే, ఏం కావాలో చెప్పండి. దుప్పటా? దిండా? ఇంకో మఅమూలా?"

"మఅమూల్ అయితే నాకొకటి..." అన్నాడు నజ్మీ.

"డాక్టరు గారూ, మీరు కాసేపు నోరు మూసుకోండి. రోజూ మాతో తెరిపిస్తారుగా" అంది హైఫా మేడం.

ముత్లక్ షేక్ కర్ర మీద రెండు చేతులూ పెట్టాడు. "మేం ఆరుగురం వచ్చాం. అడిగేది ఒక్కటే. ఆ కాగితం వెనక్కి తీసుకో."

కాగితం సంగతి వీళ్లకెవరు చెప్పారు? దైఫల్లా వెనక్కి తిరిగాడు. అతని దగ్గర పని నేర్చుకుంటున్న తగ్రీద్ తెర చాటునుంచి ఒక కన్ను బయటపెట్టి ఉంది. దొరికిపోయానని తెలిసి ఆ కన్ను కూడా లోపలికి లాగేసుకుంది.

కిటికీలో షరా కొండల అంచు లేచింది. బల్లల మీద తాగని కాఫీలు ఆరు.

"కొండలొస్తున్నాయి షేక్. కప్పులు తీసేయాలి."

"తీసెయ్. ఎవరొద్దన్నారు?"

దైఫల్లా చెయ్యి కప్పు దాకా వెళ్లి ఆగిపోయింది. తాగని కప్పు తీసేయడమంటే లేదు పొమ్మనడమే. తండ్రి పొయ్యి దగ్గర అలాంటి కప్పు వెనక్కి రావడం అతను ఒక్కసారీ చూడలేదు. ఇంతలో గోడకున్న ఫోను మోగింది. లోపలినుంచి కెప్టెన్.

"అబూ సనద్, కొండలు. నీ సంసారం సర్దేశావా?"

"ఒక్క నిమిషం కెప్టెన్."

"ఒక్క నిమిషమా! నీ నోట ఆ మాట వినడం ఇదే మొదలు. ఏం, ఎవరైనా పళ్లెం మింగేశారా?"

జవాబు చెప్పేలోపే ఒంటె కూలబడింది. అయిదు అరచేతులు అయిదు కప్పుల మీద టపటపా పడ్డాయి. నజ్మీది మాత్రం ఆలస్యమైంది. మూడో వంతు కాఫీ మొత్తం ఆయన లేతరంగు ప్యాంటు మీదికి దిగింది.

"చూశావా!" అన్నాడు షేక్ ఉత్సాహంగా. "నీ చేతిలో కూజా కూడా లేదు. ఇప్పుడు ఎవర్ని బదిలీ చేద్దాం, కొండనా?"

అందరూ నవ్వారు, నజ్మీతో సహా. దైఫల్లా నవ్వలేదు. ఎదురుగా ఉన్న బల్ల అంచు పట్టుకుని, వినీవినపడనట్టు అన్నాడు: "ఆ రోజు తప్పు కొండది కాదు షేక్. వీడియో కోసం చెయ్యి ఎత్తాను. జానెడు ఎత్తాల్సినవాణ్ణి మూరెడు ఎత్తాను. కొండలు కనపడుతున్నా పోశాను. అంతా డాబు. మీరందరూ గాలిని తిడుతుంటే, ఔనని ఊరుకున్నాను."

చెప్పేశాక, సీటు బెల్టు పెట్టుకోకుండా విమానం దిగుతున్నట్టు అనిపించింది అతనికి.

"తెలుసు" అన్నాడు షేక్.

"తెలుసా?"

"కాఫీ పడింది ఎవరి ఒళ్లో అనుకున్నావు? నీ మోచెయ్యి నా ముక్కు ముందునుంచే పైకి పోయింది. వీడికివాళ ఏదో అయ్యిందిరా అనుకున్నా. మనిషన్నాక ఒక్కరోజు మూరెడు ఎత్తకుండా ఉంటాడా నాయనా? నేను ఎన్నికల్లో నిలబడ్డప్పుడు గోడల మీద నా బొమ్మ చూశావా? ఒంటె కన్నా పెద్దది. నా మీసం ఒక్కటే ఒకరింటి రెండు కిటికీలు మూసేసింది. ఆ ఇంటివాళ్లు నాకు ఓటెయ్యలేదు కూడా."

"మరి ఆ రోజే అనలేదేం?"

"నువ్వంటావని చూశా. నువ్వేమో అనకుండా వెళ్లి పెట్టెల మధ్య దాక్కుందామనుకున్నావు. ఇప్పుడన్నావుగా, అయిపోయింది. కాఫీ చల్లారిపోతోంది, అది అంతకన్నా పాపం."

"నాది చల్లారే పనే లేదు, ప్యాంటులో ఉంది" అన్నాడు నజ్మీ.

బెల్టులు పెట్టుకోమనే దీపం వెలిగింది. కింద అకబా నీళ్లు నీలంగా పక్కకి ఒరిగాయి. దైఫల్లా కూజా ఎత్తి నజ్మీ కప్పులో మళ్లీ మూడో వంతు పోశాడు. ఎంత ఎత్తునుంచి పోస్తున్నాడో చూద్దామని ఆరు జతల కళ్లూ అతని మోచేతి మీదే ఉన్నాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"తాగండి" అన్నాడు. కూజా మూత పెట్టాడు. "మీరడిగింది ఇచ్చాను."

ఆరుగురూ ఒక్క గుక్కలో తాగేశారు. చల్లారిన చేదు కాఫీని అంత ఇష్టంగా తాగినవాళ్లు ఆ దారిలో అంతకుముందు లేరు. మరుక్షణం దైఫల్లా ఎప్పటి దైఫల్లా అయిపోయాడు. అటు రెండు, ఇటు రెండు, వెనక రెండు కప్పులు వేళ్ల మధ్యకి వచ్చేశాయి. బల్లలు మడతపడ్డాయి, నజ్మీ మోకాలి మీద తడి రుమాలు పడింది, కోటు జేబులో ఇంకేదో కూడా పడింది. చక్రాలు నేలను తాకేసరికి అతను తన మడతకుర్చీలో బెల్టు పెట్టుకుని, ఏమీ జరగనట్టు కూర్చుని ఉన్నాడు. తగ్రీద్ వైపు మాత్రం చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది, తిట్టాలని అతని ఉద్దేశం.

అకబాలో దిగగానే ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతల గుమాస్తా పద్ధతైన మనిషి. "ఊరికే వెనక్కి ఇవ్వడం కుదరదు అబూ సనద్. కారణం కావాలి. ఒక్క ముక్క రాసి పంపించు."

ఏమని రాస్తాడు? కౌంటరు మీద కాగితం పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి ఉన్నదున్నట్టు రాశాడు: "బిజినెస్ క్లాసులో ప్రయాణికులు కాఫీ తాగలేదు. అందువల్ల."

కాగితం వెనక్కి వచ్చింది. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది. ఒకే విమానంలో ఇంతమంది కాఫీ ముట్టలేదంటే చిన్న విషయమా? పెద్దాఫీసువాళ్లు వంటశాలకి మనిషిని పంపారు. అతను వేడి కొలిచాడు, ఏలకులు వాసన చూశాడు, నీళ్లు సీసాలో పట్టుకుపోయాడు. పది రోజులకి దైఫల్లా పేర గళ్లు గళ్లుగా ఉన్న పెద్ద పత్రం దిగింది. లోపమేమిటి? ఎప్పుడు గమనించారు? సరిచేశారా? చివరికి ఎంతమంది తాగారు?

అతను మొదటి రెండు గళ్లూ ఖాళీగా వదిలేశాడు. మూడో దాంట్లో "సరిచేశాను" అని రాశాడు. నాలుగో దాంట్లో ఆరు అని రాసి, సంతకం పెట్టబోతూ ఆగి, ఆరు కొట్టేసి ఏడు చేశాడు. పొడుగాయన కూడా తాగాడుగా, పాపం, అందరికన్నా ముందు.