పాత పడుగుకే ముడేశాం

గుడియాత్తం మిషన్ బడి అయ్యవారు మొన్న పొద్దున పోయారు. మా నేతవీధిలో తెలుగు చదవగలిగినవాళ్లం నలుగురం ఉన్నామంటే ఆయన చలవే. ఆయనది ఊరి చివరి వాడ. అందుకని నేను బడి నుంచి వస్తే, మా అమ్మ నెత్తిన నీళ్లు చల్లాకే లోపలికి రానిచ్చేది.

సాయంత్రాలు మా నాయన మగ్గం నేస్తుంటే ఆయన గడప బయట కూర్చుని, అమెరికా దొరలు బడికిచ్చిన చరిత్ర పుస్తకం చదివి చెప్పేవారు. మనుషులంతా సమానమని రాసుకున్నవాళ్లే చట్టసభలో సీట్ల కోసం ఐదుగురు బానిసల్ని ముగ్గురుగా లెక్కగట్టారట. పారిపోయినవాణ్ణి పట్టి అప్పగించమని చట్టం చేశారట. చివరికి బానిసత్వం రద్దయిందని విన్నరోజు మా నాయన పేక విసిరే నాడె ఆపి దణ్ణం పెట్టాడు.

"ఆగప్పా, ఇంకా ఉండాది," అన్నారు అయ్యవారు. "రైల్లో నల్లోళ్లకు వేరే పెట్టె పెట్టినారు. పెట్టెలు సమానంగా ఉంటే తప్పులేదని వాళ్ల పెద్దకోర్టే చెప్పినాది. నువ్వు మగ్గానికి కొత్త పడుగు పోగుల్ని పాత పడుగు కొసలకే ముడేస్తావు గదా, వాళ్లూ అట్లే చేసినారు."

లేచి వెళ్తూ, తాను కూర్చున్నచోటు పైపంచతో తుడిచేవారు. మా అమ్మకు కడిగే పని తప్పించాలని.

మా వీధి బావిలో తన వాడవాళ్లు నీళ్లు తోడుకోవాలని ఆయన ఏళ్లతరబడి వేలూరు కచేరీకి తిరిగారు. బావి అందరిదని ఉత్తరువు తెచ్చారు. మా పెద్దలు కాదనలేదు. వాడలో వేరే బావి తవ్వించారు.

"సమానమే గదా అయ్యవారూ, ఇంగేం కావాల?" అన్నాడు మా నాయన.

"ఆ కోర్టు మాట నీకు నేనే నేర్పిస్తినే, నాయనా!" అని ఆయన పగలబడి నవ్వారు. మళ్లీ ఆ పుస్తకం తేలేదు.

రెండో ఎండాకాలానికే ఆ బావి ఎండింది. ఉత్తరువు ఉన్నా మా చేంతాడు ముట్టే ధైర్యం వాళ్లకెవరికీ లేకపోయింది. ఆడవాళ్లు మళ్లీ మా బావి దగ్గర బిందెలతో, ఎవరైనా పోస్తారేమోనని నిలబడసాగారు.

మొన్న అయ్యవారి భార్య వచ్చి అక్కడే నిలబడింది.

"మీ అయ్యవారికి స్నానం చేయించాల. రెండు బిందెలు తోడి పొయ్యి, నాయనా."

మీరే తోడుకోండమ్మా అని చేంతాడు ఆమె చేతికివ్వాల్సినవాణ్ణి. ఇవ్వలేదు. ఏడుస్తూనే తోడాను. ఏడుస్తూనే, ఆమె బిందెకు తగలకుండా మూరెడు ఎత్తునుంచి పోశాను. సగం నీళ్లు ఆమె పాదాల మీద పడ్డాయి.