రేపల్లెకు వెళ్ళిన జాడీ

బసవమ్మ గుండిగలోకి తొంగి చూసేసరికి జాడీలు రెండూ ఊరు దాటిపోయాయి. ఒకటి రేపల్లె వైపు, ఇంకొకటి బాపట్ల వైపు.

తోమడానికని గుండిగను పెరట్లో ఎండలోకి లాగిందామె. లోపల తెల్లగా ఉండాల్సిన తగరపు పూత, కళాయి, లేదు. అడుగు నుంచి అంచుదాకా ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. ఉసిరి లేహ్యం అంటుకున్న చోటల్లా ఆకుపచ్చటి చిలుము. గరిటెకు మిగిలిన ముద్దను వేలితో తీసి నాలుకకు రాసుకుంది. రాగి పైసా చప్పరించినట్టుంది. తూ అని ఉమ్మేసి, నూతిగట్టు దగ్గరికెళ్ళి నోరు పుక్కిలించింది.

కళాయి లేని ఇత్తడిలో పులుపు రాత్రంతా ఉంటే విషమవుతుందని తెనాలిలో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. వాళ్ళ వీధిలోనే ఒక పెళ్ళిలో కళాయి పోయిన గుండిగలో చింతపండు పులుసు కాచారు. బంతి మొత్తం వాంతులు చేసుకుంది. కుర్రవాళ్ళు లేచి తిరిగారు. పెళ్ళికొడుకు తాత మాత్రం లేవలేదు.

ఇది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది కార్తీకంలో మాట. బసవమ్మ భర్త వెంకట్రామయ్య బడిపంతులు. ఏడేళ్ళ కిందట చలికాలంలో జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి పోయాడు. వయసు మళ్ళిన ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గిపోతుందనీ, ఉసిరికాయ దాన్ని నిలబెడుతుందనీ ఎవరో వైద్యుడు ఆ తర్వాత ఆమెతో అన్నాడు. ముందే తెలిసుంటే నా మనిషి బతికేవాడే అన్న బాధతో ఆ మాట పట్టుకుంది. పట్టుకుంటే ఉడుంపట్టే. ఏటా ఉసిరికాయలు ఉడకబెట్టి, బెల్లం, నెయ్యి, పిప్పళ్ళు, యాలకులు వేసి లేహ్యం చేసి తెలిసిన ముసలివాళ్ళందరికీ పంచేది. ఎదురింటి పూర్ణచంద్రరావు గారు, పింఛను పుచ్చుకునే తాసిల్దారు, రంగురంగుల విటమిను బిళ్ళలు మింగుతుంటే జాలిపడేది.

"ఆ బిళ్ళలేం చేస్తాయండీ? మా అక్కని చూడండి. డెబ్భై ఆరు దాటింది. గేదెల పాలు తనే పిండుతుంది. ఎవరి చలవ? నా లేహ్యం చలవ!" అనేది. అక్క లక్ష్మమ్మే ఆమెకు సాక్ష్యం. అక్క రేపల్లెలో గేదె దగ్గర కూర్చున్నంత కాలం బసవమ్మ మాటకు తెనాలిలో తిరుగులేదు.

ఆ అక్కే ఈ ఏడు మలేరియాతో మంచం పట్టి, ఇప్పుడిప్పుడే లేచి గోడ పట్టుకుని నడుస్తోంది. అందుకే సోమవారం ఉపవాసమని కూడా చూడకుండా, వంటింటి మసకలోనే పొయ్యి వెలిగించింది బసవమ్మ. ఉపవాసం కాబట్టి రుచి చూడలేదు. రాత్రంతా గుండిగలోనే ఆరనిచ్చి, తెల్లవారుజామున మసక వెలుతుర్లోనే జాడీలు నింపింది. రేపల్లె బండికి వెళ్ళే పెదనాన్న కొడుకు హనుమయ్య చేతిలో ఒకటి పెట్టి, "అక్క నీరసంగా ఉంది తమ్ముడూ. ఈసారి ఒక చెంచా చాలదు. పరగడుపున రెండు చెంచాలు తినమని నా మాటగా చెప్పు," అంది.

ఆ రెండు చెంచాల మాట ఇప్పుడు నూతిగట్టు దగ్గర గుర్తొచ్చింది.

"ప్రమీలా!" అని అరిచింది. కోడలు ప్రమీలారాణి పరిగెత్తుకొచ్చింది. చెరుకుపల్లి పిల్ల, కాపురానికొచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు.

"ఈ గుండిగ ఎవరు తోమారు?"

"నేనేనండి. చింతపండూ ఇటుకపొడీ వేసి కొబ్బరిపీచుతో తోమాను. లోపల కూడా బంగారంలా వచ్చిందని మీకు చెప్పానండి."

పుట్టింట్లో నీళ్ళబిందెలు అలాగే తోమేవాళ్ళు. వాటికి కళాయి ఉండదు. లోపల తెల్లగా ఉన్నది మురికనుకుంది పిచ్చితల్లి.

"నీ చేతులు పడిపోనూ! మా అక్కని చంపావు కదే!"

ఆ మాట నోరు జారింది. ప్రమీల ముఖం పాలిపోయింది. ఏడవలేదు. "ఇప్పుడేం చెయ్యమంటారు అత్తయ్యా?" అంది.

రెండో జాడీ బాపట్లలో సంజీవరావు మాస్టారికి. వెంకట్రామయ్యతో పాతికేళ్ళు ఒకే బడిలో పనిచేసిన మనిషి, లూథరన్ చర్చిలో పెద్ద. ఆయన కూతురు కరుణ చుట్టాలింటికి తెనాలి వచ్చి, ఇవాళ పొద్దున్నే జాడీ పట్టుకుని వెళ్ళింది. రేపల్లె ఒక దిక్కు, బాపట్ల ఇంకో దిక్కు. కొడుకు పనిమీద గుంటూరు వెళ్ళాడు. ఆ రెండిళ్ళలోనూ ఫోను లేదు. ఒక్క మనిషి రెండు ఊళ్ళకీ వెళ్ళడం కుదరదు.

"నేను బాపట్ల వెళ్తానండి," అంది ప్రమీల.

ఒంటరిగా బజారుకు కూడా వెళ్ళని పిల్ల. బసవమ్మ ఒక్క క్షణం చూసి, చిరునామా చెప్పి, స్టేషను దగ్గర వదిలేసి, తను బస్టాండుకు పరిగెత్తింది.

రేపల్లె బస్సు వేమూరు దాకా బాగానే వెళ్ళింది. అక్కడి నుంచి దారి నిండా వడ్లబస్తాల బళ్ళు. భట్టిప్రోలు దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు తాపీగా, పెళ్ళినడక నడుస్తూ వచ్చింది.

"బాబూ, కాస్త తొందరగా పోనివ్వవా? ప్రాణం మీదకొచ్చింది," అని డ్రైవరును బతిమాలింది.

"గేటు నాది కాదు కదా పిన్నిగారూ," అన్నాడతను జాలిగానే.

బసవమ్మ కళ్ళు మూసుకుంది. తల్లి పోయాక తనని చంకనెత్తుకుని పెంచింది అక్క. తన చేత్తో కలిపిన ముద్దే తిని ఆ అక్క గిలగిల్లాడుతున్నట్టు కనబడింది. అక్క చెల్లెలి మాట జవదాటే మనిషి కాదు, రెండు చెంచాలంటే రెండూ తింటుంది. ఈశ్వరా, జాడీ హనుమయ్య చేతిలోంచి జారి పగిలిపోయేట్టు చెయ్యి తండ్రీ అని మొక్కుకుంది.

రేపల్లెలో బస్సు పూర్తిగా ఆగకముందే దిగింది. అక్క ఇంటి ముందు ముగ్గు చెరగలేదు. గేదె అరుస్తోంది, పాలు పిండినట్టు లేదు. లోపలికి అడుగుపెట్టగానే అక్క కోడలు కుమారి ఎదురొచ్చింది.

"అదేంటి పిన్నిగారూ, చెప్పకుండా వచ్చారు?"

"జాడీ వచ్చిందా?"

"ఇందాకే వచ్చిందండి. అత్తయ్యగారే తీసుకుని గదిలోకి వెళ్ళారు. తర్వాత నీరసంగా ఉందని పడుకున్నారు."

బసవమ్మ గదిలోకి దూసుకెళ్ళింది. లక్ష్మమ్మ గోడవైపు తిరిగి కదలకుండా పడుకుని ఉంది. "అక్కా! అక్కా!" భుజం పట్టి కుదిపేసింది. కదలిక లేదు. ఇంకోసారి కుదిపింది.

"ఏమే బసవా, ఎవరు పోయారే?" అంటూ లక్ష్మమ్మ విసుగ్గా ఇటు తిరిగింది.

"లేహ్యం తిన్నావా?"

"ఆ, తిన్నా."

"ఎంత?"

"నువ్వు చెప్పినట్టే. రెండు చెంచాలు."

బసవమ్మ గొల్లుమంది. "అయ్యో అక్కా, అది విషమే! కళాయి పోయిన గుండిగలో చేశానే! కుమారీ, డాక్టర్ని పిలువమ్మా!"

లక్ష్మమ్మ లేచి కూర్చుంది. చెల్లెలి ముఖం చూసి, చెయ్యి పట్టుకుంది. "ఉండు, ఉండు. నేను తినలేదే. అబద్ధం చెప్పాను."

"నా మీద ఒట్టెయ్యి!"

లక్ష్మమ్మ ఒట్టు వెయ్యలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి గోడ అలమర తెరిచింది. లోపల జాడీలు వరసగా ఉన్నాయి. ఇవాళొచ్చింది ముందుంది, దాని వెనక పోయినేటిది, అంతకు ముందేటిది. అన్నిటికీ బసవమ్మ కట్టిన గుడ్డలే. బసవమ్మ వేసిన ముడులే. ఒక్కటి కూడా విప్పలేదు.

బసవమ్మకు ఏడుపు ఆగిపోయింది. అక్క బతికిందన్న సంతోషం గుండె నిండా ఉంది. దాని పక్కనే ఇంకేదో కలుక్కుమంది.

"ఏడేళ్ళుగా తినలేదా?"

"మొదటేడు తిన్నానే. కడుపులో మంట, నాకు పడలేదు."

"మరి చెప్పవేం?"

"ఎట్లా చెప్పనే? మీ ఆయన పోయాక నువ్వు పది నెలలు గోడకి చేరగిలబడి కూర్చున్నావు. పిలిస్తే పలికేదానివి కాదు. కార్తీకంలో ఉసిరికాయల బుట్ట ముందేసుకుని లేచావు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. వద్దంటే మళ్ళీ కూర్చుంటావేమోనని భయం. అందుకే పంపినప్పుడల్లా బాగుందన్నాను."

బసవమ్మ కొత్త జాడీ తీసి, వెంట తీసుకెళ్ళడానికి ఒళ్ళో పెట్టుకుంది. వెళ్ళేముందు లక్ష్మమ్మ వాకిట్లోకి వచ్చి, "వచ్చే ఏడు పంపడం మానేశావంటే ఊరుకోను," అంది.

ఆమె తెనాలి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. ప్రమీల గుమ్మంలోనే ఉంది. బాపట్ల జాడీ పక్కనే ఉంది, దాని గుడ్డ విప్పి ఉంది.

"మాస్టారు ఒక చెంచా తిన్నారండి. రెండుసార్లు వాంతయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మధ్యాహ్నానికి లేచి మజ్జిగ తాగారు, ఇంక భయం లేదని డాక్టరు గారన్నారండి. రుచి తేడాగా ఉన్నా మీరు చేశారని మింగేశారట. తోమింది నేనేనని చెప్పానండి."

"తోమింది నువ్వు, చూడనిది నేను. రేపు నేనే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడతాను," అంది బసవమ్మ. కోడలి రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. పొద్దున ఆ చేతుల్నే పడిపోమంది. ప్రమీల అప్పుడు ఏడ్చింది.

మరుసటేడు కార్తీకంలో కళాయి సాయిబు గుండిగకు కొత్త కళాయి వేసి వెళ్ళాక, లేహ్యం మళ్ళీ ఉడికింది. ఈసారి సోమవారం కాదు, మొదటి చెంచా తనే తింది. పూర్ణచంద్రరావు గారు అలవాటుగా వచ్చి, "మాకూ ఒక జాడీ ఇవ్వండమ్మా. మీ అక్కగారు అంత గట్టిగా ఉన్నారంటే దీని చలవే కదా!" అన్నారు.

ప్రమీల గరిటె ఆపి అత్తగారి వంక చూసింది.

"కాదండీ. మా అక్క ఇది తినదు," అంది బసవమ్మ. "దానిది పుట్టుకతో వచ్చిన గట్టిదనం. మీకు పడితే తినండి, పడకపోతే మొహమాటపడకుండా చెప్పండి."

ఆయనకి జాడీ ఇచ్చి పంపి, రేపల్లె జాడీ ముందుకు లాక్కుంది. గుడ్డ కప్పి, దారం చుట్టి, ఎప్పటిలాగే ముడి వేసింది. అది ఎవరూ విప్పరని తెలుసు. అయినా పైన ఇంకో ముడి బిగించి హనుమయ్య చేతికిచ్చింది.